మానిటర్లలో కిక్ వినపడదు, కారులో మాత్రం డోర్లు అదురుతున్నాయి

డప్పు_సౌండ్: అన్నలూ, పిచ్చెక్కిపోతోంది. రాత్రి పదింటి నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా ఒకే పాట మీద కూర్చున్నాను. యూట్యూబ్‌కి ఫోక్ సాంగ్. డప్పు కింద వేసిన కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) నా మానిటర్లలో, అదే మిక్సింగ్ స్పీకర్లలో, అసలు తెలియడం లేదు. పెంచాను, ఇంకా పెంచాను. పొద్దున మా బావ కారులో పెడితే డోర్లు గడగడా అదిరాయి, పాడిన అమ్మాయి గొంతు పక్క వీధిలోంచి వస్తున్నట్టుంది. స్పీకర్లు అయిదు అంగుళాలవి, కొత్తవే. బాస్ (లోతైన శబ్దం) కోసం విడిగా సబ్‌ఊఫర్ స్పీకర్ కొనాలా? కరీంనగర్‌లో దొరుకుతుందా? ఎల్లుండి పాట ఇవ్వాలి.

ఒక్కముక్క: గది ఫొటో పెట్టండి.

ఎర్త్‌పిట్: ముందు కరెంటు సంగతి చూడండి తమ్ముడూ. స్పీకర్ల మీద వేలు పోస్తారు, ఎర్త్ మాత్రం పట్టించుకోరు. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత వోల్టేజి ఉందో కొలవండి. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందో ఇంటి ఓనర్‌ని అడగండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే గుయ్ మనడం ఆగితే గ్రౌండ్ లూపే, అంటే ఎర్త్ వైర్ల గుండా కరెంటు చుట్టు తిరుగుతున్నట్టే. ఆ గుయ్‌ని తగ్గించే బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తారు, ఆ పని మాత్రం చచ్చినా చేయొద్దు.

డప్పు_సౌండ్: అన్నా, నాకు గుయ్ మనే శబ్దమే లేదు.

ఎర్త్‌పిట్: వానలు పడుతున్నాయి కదా, ఇప్పుడు ఉండదు. నేల ఎండనివ్వండి.

కొత్త_చెవులు: బ్రో, గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టు. సౌండ్‌ప్రూఫ్ అయిపోతుంది. మా ఫ్రెండ్ వాళ్లు అదే చేశారు.

మిక్సింగ్_అక్క: సౌండ్‌ప్రూఫ్ అంటే లోపలి శబ్దం బయటికి పోకుండా ఆపడం. గుడ్ల అట్టతో అది జరగదు. గదిలో ప్రతిధ్వని తగ్గించడం వేరే పని, దానికీ అట్ట పెద్దగా పనికిరాదు, పైగా నిప్పంటుకుంటే అంతే సంగతులు. అంగుళం మందం ఫోమ్ కూడా కీచుగా ఉండే సన్నటి శబ్దాన్నే మింగుతుంది. బాస్‌కి కనీసం నాలుగు అంగుళాల రాక్‌వూల్ (రాతి పీచు పలక) గుడ్డలో చుట్టి మూలల్లో పెట్టాలి.

ఒక్కముక్క: బాస్ కాదు. బేస్.

కొత్త_చెవులు: బేస్ అంటే పునాది కదా 😀

ఒక్కముక్క: బాస్ అంటే మా మేనేజర్.

మిక్సింగ్_అక్క: ఏదో ఒకటి అనుకోండి బాబూ. డప్పు గారూ, గది కొలతలేమిటి? స్పీకర్లు ఎక్కడున్నాయి? మీరెక్కడ కూర్చుంటారు? ఇవేవీ చెప్పకుండా ఏం కొనాలంటే ఏం చెప్తాం?

డప్పు_సౌండ్: మామూలు గదే అక్కా. 10 బై 10 అడుగులు. కుర్చీ మధ్యలో ఉంది. పాపకి ఏడాదిన్నర, వైర్లు పట్టుకుని లాగుతుంది. అందుకే స్పీకర్లు గోడ అరలో పెట్టాను, తలకంటే కాస్త ఎత్తులో. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే 200 హెర్ట్జ్ దగ్గర బాగా కోసేశాను.

ఒక్కముక్క: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది.

మిక్సింగ్_అక్క: అదీ సంగతి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. మీ గది 3 మీటర్ల చిల్లర. 343ని ఆ గది కొలతకి రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది, కిక్ ఉండేది ఆ చుట్టుపక్కలే. ఆ శబ్దం గోడల దగ్గర ఉబ్బుతుంది, సరిగ్గా నడిమధ్యలో మాయమవుతుంది. పొడవు, వెడల్పు ఒకటే కాబట్టి రెండు వైపులా అదే 56. మీ కుర్చీ ఉన్నదీ అక్కడే. సబ్‌ఊఫర్ కొన్నా ఆ కుర్చీలో పెద్దగా తేడా ఉండదు. ఇక గొంతు డబ్బాలోంచి వస్తున్నది ఆ అర వల్ల. మీరేమో అర చేసిన తప్పుకి గొంతుని కోశారు. కిక్ లూప్‌లో పెట్టి తలుపు మూలకి వెళ్లి నిలబడి చూడండి.

డప్పు_సౌండ్: అక్కా!! మూలన కడుపులో గుద్దినట్టుంది. కుర్చీలోకొస్తే ఏమీ లేదు.

మిక్సింగ్_అక్క: మరి! స్పీకర్లు అరలోంచి తీసి టేబుల్ మీద పెట్టండి. స్టాండ్లు లేకపోతే ఇటుకలు పేర్చి పైన యోగా మ్యాట్ ముక్క వేయండి. ట్వీటర్, అంటే స్పీకర్‌లో పైనుండే చిన్న గుండ్రటిది, చెవి ఎత్తుకు రావాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీ తలకీ అంతే దూరం, టేపు పెట్టి కొలవండి. కుర్చీ ముందుకు జరిపి, ఎదురు గోడకి మూడు ముప్పావు అడుగుల దగ్గర మొదలుపెట్టండి. స్పీకర్లు గోడకి దగ్గరైతాయి కాబట్టి వెనక స్విచ్ ఉంటే బాస్ తగ్గించండి. యమహా హెచ్‌ఎస్5కి రూమ్ కంట్రోల్ 0, -2, -4 అని ఉంటుంది. మీది ఏ మోడలో ఇంతవరకూ చెప్పలేదు.

ఒక్కముక్క: పాట మోనోలో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం) పెట్టి ఒక స్పీకర్ ఆపండి. బేస్ పెరిగితే ఒక వైరు ప్లస్, మైనస్ తిరగబడినట్టు.

ఎర్త్‌పిట్: ఆ వైర్లు సొంతంగా సోల్డర్ చేసుకున్నవా? లెడ్ ఎంత శాతం?

డప్పు_సౌండ్: వైరు బాగానే ఉంది. కుర్చీ జరిపాను, బూరుగుదూది పరుపు వెనక మూలలో నిలబెట్టాను. కిక్ ఇప్పుడు తెలుస్తోంది, 6 డీబీ తగ్గించాను. 200 దగ్గర కోసింది తీసేశాను. కారు సాయంత్రానికి గానీ రాదు. పాప నిద్ర లేచింది, థాంక్స్ అక్కా.

కొత్త_చెవులు: అక్కా, నాకూ ఇదే ప్రాబ్లం. స్పీకర్లు పెద్దవి. ఏం చేయాలి?