అప్‌డేట్: కుష్ఠు మందులు వాడుతున్న నాన్నకి హెచ్‌బీఏ1సీ ఎందుకు తక్కువ వచ్చిందంటే

నాన్నకి పరగడుపున షుగర్ 190, హెచ్‌బీఏ1సీ (ఎర్ర రక్తకణాలకు పట్టిన చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మాత్రం మామూలుగా 5.1 వచ్చింది, ఏది నమ్మాలని ఇంతకుముందు అడిగాను కదా. కుష్ఠు మందు డాప్సోన్‌ని అనుమానించమన్నవాళ్ల మాటే నిజమైంది, చాలా థ్యాంక్స్. తిరుపతిలో డాక్టర్ గారు వివరంగా చెప్పారు. నాన్న రోజూ వేసుకునే 100 మి.గ్రా. డాప్సోన్ లివర్‌లో హైడ్రాక్సిలమైన్ అనే పదార్థంగా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుందట. అవి త్వరగా చనిపోతే వాటికి చక్కెర పట్టే సమయమే ఉండదు, అందుకే ఆ అంకె తగ్గిపోతుంది. అంటే షుగర్ నిజంగానే ఎక్కువ! ఆ 5.1 చూసి షుగర్ మాత్ర తగ్గించేవాళ్లమే, తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది.

ల్యాబ్ తప్పేమీ లేదు, చిత్తూరులో మళ్లీ చేయిస్తే 5.2. ఇంకో కుష్ఠు మందు రిఫాంపిసిన్ నెలకొకసారే కాబట్టి దాని ప్రభావం పెద్దగా ఉండదన్నారు. హిమోగ్లోబిన్ కూడా చూశారు, 11.4. కుష్ఠు మందులు ఆపలేదు. షుగర్ మాత్ర డోసు పెంచారు, ఇక గ్లూకోమీటర్, ఫ్రక్టోసమైన్ (ఎర్ర రక్తకణాలతో సంబంధం లేకుండా రెండు మూడు వారాల సగటు షుగర్ చెప్పేది) పరీక్షలే చూస్తాం.