«కరేణ వాతాయనలంబితేన»: పుష్పకం కిటికీలో సీత చెయ్యి

ప్రశ్న: కాళిదాసు రఘువంశం 13వ సర్గలో, లంక నుంచి అయోధ్యకు విమానంలో వెళ్తూ రాముడు సీతతో అనే శ్లోకం (21వది):

కరేణ వాతాయనలంబితేన
స్పృష్టస్త్వయా చండి కుతూహలిన్యా
ఆముంచతీవాభరణం ద్వితీయ-
ముద్భిన్నవిద్యుద్వలయో ఘనస్తే

«ఆముంచతి»కి వదిలేస్తోంది అని చెప్పుకుంటే అర్థం పొసగడం లేదు. ఇంత ముద్దుగా మాట్లాడే చోట «చండి» ఏమిటి? అన్వయం చెప్పండి.

జవాబు: చిక్కంతా ఉపసర్గలో ఉందండీ. ముంచతి అంటే విడుస్తుంది. ముందు «ఆ» చేరితే తొడుగుతుంది, ధరింపజేస్తుంది. నగలకూ బట్టలకూ వాడే మాట ఇది. చాలామంది ఆ «ఆ»ని వదిలేసి చదువుతారు, దాంతో గాజు తొడగాల్సిన మబ్బు గాజు పారేస్తుంది!

అన్వయం: చండి, కుతూహలిన్యా త్వయా వాతాయనలంబితేన కరేణ స్పృష్టః, ఉద్భిన్నవిద్యుద్వలయః ఘనః, తే ద్వితీయం ఆభరణం ఆముంచతి ఇవ.

ముచ్చటపడి కిటికీలోంచి చెయ్యి చాపి నువ్వు తాకిన మబ్బు, తళుక్కుమన్న మెరుపు కడియంతో, నీకు రెండో ఆభరణం తొడుగుతున్నట్టుంది. సీత చేతికి కంకణం ముందే ఉంది, అందుకే «ద్వితీయం». ఘనః ఇక్కడ నామవాచకం, మబ్బు. గొప్పవాడు అని తీసుకుంటే వాక్యం కూలిపోతుంది.

ఇంకొకరు: సంధులు కూడా చూడండి. స్పృష్టః + త్వయా, ఘనః + తే: రెండు చోట్లా విసర్గ సకారమైంది. ఆముంచతి + ఇవ + ఆభరణం: సవర్ణదీర్ఘం రెండుసార్లు. «ఇవ» క్రియకు అంటుకుంది కనుక ఇది ఉపమ కాదు, ఉత్ప్రేక్ష. ఇక «చండి»: చండీ శబ్దానికి సంబోధనలో హ్రస్వం వస్తుంది. దుర్గను పిలవడం కాదు, కోపిష్టిదానా అని ప్రియురాలిని పిలిచే తీరు. రఘువంశానికి వ్యాఖ్య రాసిన మన కోలాచల మల్లినాథుడు «కోపనే» అనే అర్థం చెప్పాడు.

మళ్లీ ప్రశ్న: పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఇదే సర్గలో ఇంకెక్కడైనా ఉందా?

జవాబు: 18వ శ్లోకం చదవండి, నాకు అది 21 కన్నా గొప్పగా తోస్తుంది. వెనక్కి తిరిగి చూడమంటాడు:

ఏషా విదూరీభవతః సముద్రాత్
సకాననా నిష్పతతీవ భూమిః

«విదూరీభవతః» పంచమి, సముద్రానికి విశేషణం. భూమికి అన్వయిస్తే తప్పు. దూరమైపోతున్న సముద్రంలోంచి అడవులతో సహా నేల బయటికి దూకుతున్నట్టుంది. విమానం తీరం దాటి ఉత్తరానికి సాగుతోంది. క్షణక్షణానికీ వెనక సముద్రం జరిగిపోతుంది, మధ్యలో నేల పెరుగుతుంది. తాను కదులుతున్నా కదలిక కిందిదానిలో కనబడటాన్ని కాళిదాసు ఒక్క «నిష్పతతి»తో పట్టాడు. ఇప్పుడు కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాళ్లకూ కనిపించేది ఇదే.

ఇంకొకరు: 21వ శ్లోకాన్ని తెలుగు చేయాలనుకునేవారికి: మొదటి పాదం ఉపేంద్రవజ్ర (జ త జ గగ), మిగతా మూడూ ఇంద్రవజ్ర (త త జ గగ), కలిపి ఉపజాతి. సంస్కృతంలో ప్రాస నియమం లేదు. మనకు ఉంది, యతి కూడా కావాలి. పదకొండక్షరాల్లో ఇవన్నీ ఇరికిస్తే సాధారణంగా ముందు ఎగిరిపోయేది «కుతూహలిన్యా». అది పోతే చెయ్యి ఎందుకు చాపిందో తెలియదు. ప్రాస అక్కర్లేని తేటగీతి ఎంచుకోండి.