3బీ జీపు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించాలా, ఉన్న డ్రమ్ము బ్రేకులే సరిచేసుకోవాలా?

రాయచోటిరోడ్డు_3బీ (కడప):
మా నాయన జీపు సీజే-3బీ, 1968 మోడలు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్‌ది నాయనే వేయించి ఆర్‌సీలో ఎక్కించినాడు. నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములే, కాలి బలాన్ని పెంచే బూస్టరు లేదు. పోయిన నెల రాయచోటి నుంచి వస్తా గువ్వలచెరువు ఘాటు దిగుతాంటే సగం దారిలో పెడలు మెత్తబడింది. రెండోసారి తొక్కితే ఇంకా కిందికి పోయింది. బ్రేకు లైనర్ పట్టీ కాలిన వాసన. పైన కోవా అంగళ్ల కాడ ఆగినప్పుడు బాగానే ఉండె. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు గుంజి, కొండ పక్కకు ఆనించి నిలబెట్టినా. వెనక నా భార్య, ఇద్దరు పిల్లోళ్లు. ముందు చక్రాలకు డిస్కులు వేయించాలనుకుంటాండా. వేయించినోళ్లు చెప్పండి.

గుత్తి_డీజిల్ (అనంతపురం):
వద్దు తమ్ముడూ. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపేవి షూలు. అందులో ముందు షూను తిరిగే డ్రమ్మే లోపలికి లాక్కుంటుంది. అందుకే బూస్టరు లేకున్నా 3బీ నిలబడేది. డిస్కును రెండు పక్కల ప్యాడ్లు నొక్కి ఆపుతాయి, దానికి ఆ గుణం లేదు, బలమంతా నీ కాలే ఇయ్యాల. కాలు చాలక బూస్టరు కావాల. బూస్టరుకు వాక్యూమ్ (గాలి పీల్పు) కావాల, డీజిల్ ఇంజనులో అది దొరకదు, పంపున్న ఆల్టర్నేటరు వెతకాల. పెడలు తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరేమో కాళ్ల కింద ఛాసిస్‌కు ఉండాది, అక్కడ బూస్టరు యాడ పెడతావు? ఒకటి మారిస్తే నాలుగు మార్చాల. ముందు ఇది చెప్పు, షూలు ఎప్పుడు బిగించినావు? 3బీ షూలు వాటంతటవి సర్దుకోవు. చక్రం లేపి, వెనక ప్లేటు మీది అడ్జస్టరు తిప్పి, చేత్తో తిప్పితే రాసుకునేదాకా బిగించి, ఒక పిసరు వదలాల. నేను నెలకోసారి చేస్తా.

కర్నూలు_జిప్సీ:
మారుతి జిప్సీకి కంపెనీ నుంచే ముందు డిస్కులు. శ్రీశైలం ఘాటు ఎన్నిసార్లు దిగినానో. వేయించుకో.

గుత్తి_డీజిల్:
జిప్సీని ఆ డిస్కులతోనే తయారు చేసినారు అన్నా. అది వేరే బండి.

కర్నూలు_జిప్సీ:
ఇంజనే మార్చిన బండికి పాత బ్రేకులే ఉండాలంటే ఎట్లప్పా? ఆ డీజిల్ ఇంజను బరువంతా ముందు చక్రాల మీదే గదా.

పెన్నా_గట్టు (కడప):
ఆర్‌సీ సంగతి ఆలోచించినావా? 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మీద తీర్పిచ్చింది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషనుకు విరుద్ధంగా బండి మార్చకూడదు. రేపు ఏమన్నా అయితే ఇన్సూరెన్సోళ్లు దీన్నే పట్టుకుంటారు.

నంద్యాల_లేతు:
రోజూ లేతు మీద డ్రమ్ముల లోపలి వైపు గీకి టర్నింగ్ చేసేవాణ్ని, నా మాట కూడా వినండి. గుత్తన్న బిగించడం గురించి చెప్పింది నిజమే, కానీ ఘాటులో జరిగింది దానితో తీరేది కాదు. డ్రమ్ము కాగితే సాగి షూకు దూరం జరుగుతుంది, అందుకే పెడలు కిందికి పోతుంది. డిస్కు కాగితే లావై ప్యాడు వైపుకే వస్తుంది. పాత డ్రమ్ము టర్నింగ్ చేసి చేసి పలచబడి ఉంటే ఇంకా తొందరగా కాగుతుంది. 3బీ డ్రమ్ముకు 9 అంగుళాలంటే 228.6 మిల్లీమీటర్లు. దాని మీద ఒకటిన్నర మిల్లీమీటరు దాటి అరిగిన డ్రమ్మును నేను లేతుకు ఎక్కించను. ఇంకోటి, బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చినావు? గాలిలో తేమను పీల్చుకుంటుంది అది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తడి పట్టినాక 140కే మరుగుతుంది. మరిగితే ఆవిరి, పెడలు మెత్తన. చల్లారినాక పెడలు గట్టిగా వచ్చిందా?

రాయచోటిరోడ్డు_3బీ:
అరగంటకు వచ్చింది. ఆయిల్ నాయన పోయినాక మార్చలేదు. నాలుగేండ్లయింది. సీసాలోకి తీస్తే టీ డికాషన్ మాదిరి ఉండాది.

గుత్తి_డీజిల్:
చూసినారా? ఆయిల్ మార్చకుండా డ్రమ్ముల మీద తప్పు వేస్తాండారు. నేను 2016లో డిస్కులు వేయించుకున్నా. షెడ్డువాడు డ్రమ్ముల మాస్టరే ఉంచేసినాడు. డ్రమ్ములకని అందులో ఒక వాల్వు ఉంటుంది, లైనులో కొంచెం ప్రెషరు ఎప్పుడూ నిలిపి పెడుతుంది. దాంతో ప్యాడు డిస్కును వదలదు. తాడిపత్రి రోడ్డులో మా అక్క కొడుకు తోలుతాంటే హబ్బు గ్రీజు కరిగి, బేరింగు పట్టేసి, చక్రం జాం అయింది. వాడి భుజం ఎముక విరిగింది.

కర్నూలు_జిప్సీ:
అది బిగించినోడి తప్పు, డిస్కు తప్పు కాదు.

గుత్తి_డీజిల్:
సరే, తోలేవాడి తప్పు ఉండదా? ఘాటు ఏ గేరులో దిగినావు తమ్ముడూ? మూడో గేరులో కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే ఏ బ్రేకూ నిలవదు. మీ నాయన ముప్పై ఏండ్లు అదే డ్రమ్ములతో అదే ఘాటు దిగలేదా?

రాయచోటిరోడ్డు_3బీ:
దిగినాడు. 1997లో అదే ఘాటులో రెండో గేరులోనే దిగుతాంటే వెనక చక్రం సిలిండరులోని రబ్బరు కప్పు చీలి ఆయిలంతా కారిపోయింది. పెడలు కాళ్ల కింది రేకుకు తగిలింది. పిట్టగోడకు గుద్ది కాలు విరిగింది. పోయేదాకా కుంటుకుంటానే నడిచినాడు. ఊర్లో ప్రతి ఒక్కరూ "నీకు తోలడం రాలేదు" అన్నోళ్లే. ఆయన మారు మాట్లాడలేదు. ఇప్పుడు మీరు అదే మాట నాతో అంటాండారు.

పెన్నా_గట్టు:
బాధ సరే. 52వ సెక్షను గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

నంద్యాల_లేతు:
పెన్నన్నా, ఆగు. తమ్ముడూ, మీ నాయనకు జరిగింది డ్రమ్ము వల్లా కాదు, తోలడం వల్లా కాదు. 3బీ మాస్టరుకు ఒకే గది. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక కప్పు చీలినా నాలుగూ పోతాయి. అదే మాస్టరు మీద నువ్వు రేపు డిస్కులు వేసినా అదే ప్రమాదం అట్లనే ఉంటుంది. ముందుకు ఒక లైను, వెనక్కు ఒక లైను పోయే రెండు గదుల మాస్టరు కావాల. డిస్కో డ్రమ్మో తర్వాత.

గుత్తి_డీజిల్:
నాయన మాట ఎత్తడం నాదే తప్పు. మనసులో పెట్టుకోవద్దు. పిల్లోని భుజం విరిగిన రోజు ఆస్పత్రిలో మా అక్క నా మొగం చూడలేదు. డిస్కు మంచిదని నాకూ తెలుసు. దాన్ని బిగించే చేతులను నేను నమ్మను. డ్రమ్మయితే నా చేత్తో నేను విప్పుకుంటా.

రాయచోటిరోడ్డు_3బీ:
మీరు షెడ్డును నమ్మరు, నేను డ్రమ్మును నమ్మను. పిల్లోళ్లు వెనక కూర్చుంటే నాకు ఆ వాసనే గుర్తొస్తాంది అన్నా.

(రెండు రోజుల తర్వాత)

రాయచోటిరోడ్డు_3బీ:
ముందు చక్రాలు విప్పినా. ఎడమ పక్క నకిల్ (చక్రం మలిగే కీలు) సీలు కారి లైనరు మీద ఆయిలు, పలక మాదిరి నున్నగా మెరుస్తాంది. కుడి డ్రమ్ము లోపల నీలం మచ్చలు. కొలిస్తే ఎడమది 230.4, కుడిది 230.9.

నంద్యాల_లేతు:
రెండూ పక్కన పెట్టేయ్. నా దగ్గరికి తెచ్చినా లేతు ఎక్కించను.

కర్నూలు_జిప్సీ:
కొత్త డ్రమ్ములకు పెట్టే డబ్బులు డిస్కులకే పెట్టు.

గుత్తి_డీజిల్:
కొత్త డ్రమ్ములు, సీళ్లు, కప్పులు, డాట్ 4 ఆయిల్. రెండు గదుల మాస్టరుకు కొత్త బ్రాకెట్ కావాల, కొలతలు నంద్యాలకు పంపు. ఈ వానలు పోయేదాకా వీటితో తోలి చూడు. అప్పటికీ డిస్కులే కావాలంటే నేను అడ్డం రాను.

రాయచోటిరోడ్డు_3బీ:
మాస్టరు, డ్రమ్ములు వేయిస్తా. డిస్కుల మాట నేను వదల్లేదు.

గుత్తి_డీజిల్:
సరే. ఆదివారం పొద్దున బస్సెక్కి కడపకొస్తా. బ్రేకు లైన్లలో ఎయిర్ తీసేటప్పుడు పెడలు తొక్కేదానికి ఇంకో మనిషి కావాల గదా.