యూదోఁ, బోల్యోల నడుమ ఉన్నది ‘ద’యా, ‘దీ’యా?

అక్షరప్రియ: కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ ప్రాంతపు చర్చి పుస్తకాలలోని ఒక పెళ్లి నమోదులో ‘పియేర్ యూదోఁ … బోల్యో’ అని చదివిన పంక్తి నన్ను వదలడం లేదు. నడుమనున్నది ఫ్రెంచి మాట ‘ద’ (de) అయితే బోల్యో అతని భూమి పేరో ఊరి పేరో అవుతుంది; ‘దీ’ (dit) అయితే అతడు బోల్యో అనబడేవాడు అవుతాడు. తెలిసినవారు చెప్పగలరు.

నల్లమల పాఠకుడు: నిస్సందేహంగా ‘దీ’యే. 1665లో అక్కడ దిగిన ఫ్రెంచి కారిన్యాఁ-సాలియేర్ పటాలపు సైనికులలో చాలామందికి లాఫ్లర్, సాఁసూసీ వంటి పటాలపు పేర్లు ఉండేవి. వారు అక్కడే స్థిరపడ్డాక అవి అసలు ఇంటిపేరుకు ‘దీ’తో అతుక్కున్నాయి. మన పాత దస్తావేజులలోని ‘ఉరఫ్’ దీనికి సరిగ్గా సరిపోతుంది.

మాంట్రియల్ తెలుగు: ‘ఉరఫ్’తో ఏకీభవించలేను. ఉరఫ్ ఆ మనిషితోనే ఆగిపోతుంది. ‘దీ’ పిల్లలకు, వారి పిల్లలకు సంక్రమిస్తుంది. ఒకే వంశంలో ఒక శాఖ యూదోఁగా, మరొక శాఖ బోల్యోగా మిగలడానికి ఇదే కారణం కనుక, 1871లో తొలి సంపుటం వెలువడిన తాఁగే పాద్రీ వంశావళి నిఘంటువులో వెతికేవారు రెండు పేర్లనూ మనసులో ఉంచుకోవాలి. ఇక ఉచ్చారణ విషయానికి వస్తే, ఇక్కడివారి నోట అది ‘దీ’ కాదు, ‘ౙడ’లో పలికే ౙకారంతో ‘ౙీ’.

పాతలిపి: ఈ ‘ౙీ’ ఎంతో విలువైన సంగతి. ఇకారం, ఎకారం చేరిన చజలు తాలవ్యాలని, అంటే ‘జీతం’లో వలె పలుకుతాయని చిన్నయసూరి సూత్రం. మన ౙకారం ఎక్కడ నిలవదో, క్యుబెక్ వారి ౙకారం సరిగ్గా అక్కడే, ఈకారం ముందే పుడుతోంది. ఆ ధ్వనికి తగిన అక్షరం మన లిపిలో ఉండగా, ఇంగ్లీషు మీదుగా వచ్చిన ‘డిట్’ను మనవాళ్లు ఇంకా రాయడం నాకు బాధ కలిగిస్తుంది.

నల్లమల పాఠకుడు: ఫ్రాన్సులో అది ‘దీ’యే కదా! పదిహేడో శతాబ్దపు పాద్రీ రాసిన మాటకు నేటి మాంట్రియల్ ఉచ్చారణను ఆపాదించడం సమంజసం కాదు.

కవితాభిమాని: యూదోఁ పేరు వినగానే నాకు క్యుబెక్ కవి ఎమిల్ నెలిగాన్ గుర్తుకు వచ్చాడు. తండ్రి ఐర్లండు నుంచి వచ్చినవాడు, తల్లి ఎమిలీ అమాందా యూదోఁ. ఇరవై ఏళ్లు నిండేలోపే తన కవిత్వమంతా దాదాపు రాసేసి, 1899లో మానసిక ఆసుపత్రిలో చేరి, 1941లో మరణించే వరకు అలాంటి ఆసుపత్రులలోనే గడిపిన ఆ కవి, తన పేరును ఫ్రెంచి చెవికి ఇంపుగా ఉండేలా మార్చి సంతకం చేసేవాడు. పేరులో ఒక అక్షరం ఎంత బరువు మోస్తుందో అతనికి తెలుసు.

మాంట్రియల్ తెలుగు: ‘ద’, ‘దీ’ల తగువు తీర్చడానికి ఒక మార్గం ఉంది. ఆ పుస్తకాలలో పెళ్లయిన స్త్రీనీ పుట్టింటి పేరుతోనే రాసేవారు కాబట్టి, ఆ ఇంటి ఆడపడుచు నమోదు వెతకండి. ఆడపిల్లల బాప్తిస్మపు పేర్లలో మొదట తరచుగా ‘మారీ’ ఉంటుంది, పిలుపు పేరు చివర వస్తుంది. మొదటి పేరు చూసి పొరబడకండి. ఇంటిపేరు తరువాత ‘దీత్’ అని స్త్రీలింగ రూపం కనిపిస్తే అది ‘దీ’యే, ఎందుకంటే ‘ద’కు లింగభేదం లేదు.

పాతలిపి: పాద్రీలందరూ ఆ లింగభేదాన్ని పాటించారనలేము, ‘దీత్’ కనిపించనంత మాత్రాన ‘ద’ అని నిర్ణయించకండి. కనిపించినా, దానిని ‘ౙీత్’ అని చదవాలా అన్న నా ప్రశ్న అలాగే ఉంటుంది.