ఫిష్‌ప్లేట్ జాయింట్లలో నట్లు వదులవుతుంటే లాక్ నట్లు పెట్టాలా, జాయింటునే బాగుచేయాలా?

గుంటూరు సైడింగ్:

సభ్యులకు నమస్కారం. గుంటూరు దగ్గరలోని ఒక ప్రైవేటు గూడ్స్ సైడింగులో (సరుకు ఎక్కించి దించే పక్క లైనులో) పట్టాల నిర్వహణ చూస్తున్నాను. మెయిన్ లైన్లలో పట్టాలను వెల్డు చేసి కిలోమీటర్ల పొడవున కలిపేయడంతో బోల్టు జాయింట్లు చాలావరకు పోయాయి కానీ, మాలాంటి సైడింగులలోనూ, యార్డులలోనూ, పాయింట్ల (రైలు ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లే చోట్ల) దగ్గరా అవి ఇంకా ఉన్నాయి. మా లైనులో ఉన్నవి 13 మీటర్ల పట్టాలు. ఒక్కో జాయింటుకు రెండు ఫిష్‌ప్లేట్లు (పట్టాల కొసలను రెండు పక్కలా కలిపి పట్టే ఉక్కు పలకలు), నాలుగు బోల్టులు. వానాకాలం పోయాక అన్ని జాయింట్లూ బిగిస్తాం. అయినా లోడు రేక్‌లు (సరుకు వ్యాగన్ల వరసలు) తిరగడం మొదలైన కొద్ది వారాలకే, లోడింగ్ ప్లాట్‌ఫారం వైపు జాయింట్లలో నట్లు పానా అక్కర్లేకుండా వేళ్లతో తిప్పితే తిరిగేటంత వదులైపోతున్నాయి.

కాంట్రాక్టరు మూడు మార్గాలు చెప్పాడు. నట్టును బోల్టు కొసకు వెల్డు చేయడం ఒకటి, ప్రతి బోల్టుకూ రెండో నట్టు వేయడం మరొకటి, జపాను తరహా లాక్ నట్లు తెప్పించడం ఇంకొకటి. ఖర్చు తక్కువని యాజమాన్యం వెల్డింగ్ వైపే మొగ్గుతోంది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

ఆటోనగర్ లేత్:

విజయవాడ ఆటోనగరులో నట్లు, బోల్టుల పనే చేస్తుంటాను కనుక నాకు తెలిసింది చెబుతాను. వెల్డింగ్ మాట పక్కన పెట్టండి. మూడో మార్గమే సరైనదని నా నమ్మకం.

మీ జాయింట్లలో ఇప్పుడున్నవి స్ప్రింగ్ వాషర్లే అయి ఉంటాయి. మామూలు స్ప్రింగ్ వాషరు నట్టును పూర్తిగా బిగించేసరికి చదునైపోతుంది, అక్కడి నుంచి అది ఉత్త వాషరే. నాసా 1990లో ప్రచురించిన ఫాస్టెనర్ డిజైన్ మాన్యువల్ కూడా ఇదే చెబుతుంది. మీరు చెప్పిన జపాను నట్టు ఒసాకాలోని హార్డ్‌లాక్ సంస్థ తయారుచేసేది అయితే, దాని పనితనం వేరు. కింది నట్టు పైభాగం శంఖువు ఆకారంలో, కేంద్రానికి కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది. పై నట్టు లోపలి గుంట మాత్రం సరిగ్గా కేంద్రంలో ఉంటుంది. రెండూ బిగిసినప్పుడు ఒక పక్క చీల దిగ్గొట్టినట్టు బోల్టును నొక్కి పట్టేస్తాయి. షింకాన్‌సెన్ రైళ్లలో వాడేది దీన్నే. స్వీడను వారి నార్డ్‌లాక్ వాషర్లలో ఇంకో ఉపాయం ఉంది. జంట వాషర్ల మధ్య పళ్ల ఏటవాలు మర ఏటవాలు కన్నా ఎక్కువ కాబట్టి, నట్టు వెనక్కి తిరగబోతే బోల్టు మరింత సాగాల్సి వస్తుంది.

రైల్వే వారి లైనులో కీమాన్ రోజూ పానా, సుత్తి పట్టుకుని తన బీటు అంతా నడుస్తాడు. ప్రైవేటు సైడింగులో ఆ మనిషి ఉండడు. ఫ్రాన్సులోని బ్రెతీన్యీ స్టేషనులో 2013 జూలై 12న లిమోజ్ వెళ్లే రైలు పట్టాలు తప్పి ఏడుగురు చనిపోయిన సంగతి గుర్తుచేసుకోండి. పాయింట్లలో క్రాసింగ్ (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) దగ్గరి ఫిష్‌ప్లేటుకు ఉన్న నాలుగు బోల్టులలో మూడు పోయాయి. మిగిలిన ఒక్క బోల్టు చుట్టూ ఆ ప్లేటు గిర్రున తిరిగి క్రాసింగులోకి వచ్చి పడింది. మనిషి చూడని చోట నట్టు తనంతట తానే నిలబడాలి.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ.:

ఆటోనగర్ లేత్ గారు నట్ల గురించి చెప్పినదంతా సబబే. జాయింటు గురించి మాత్రం ఆయన ఒక్క మాటా చెప్పలేదు. విజయవాడ డివిజనులో పి.డబ్ల్యు.ఐ.గా (పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు, అంటే పట్టాల నిర్వహణ చూసే అధికారి) గ్యాంగులను నడిపిన మనిషిగా నేను ముందు అడిగేది వేరు. ఆ జాయింటు రెండు పక్కలా ఉన్న స్లీపర్ల కింద కంకర గట్టిగా ఉందా?

చక్రం పట్టా కొస దాటి రెండో పట్టా మీదకు ఎక్కే చోట దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బకు జాయింటు స్లీపర్ల కింద కంకర నలిగి, కుంగి, ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు ప్రతి ఇరుసుకూ జాయింటు కిందకు వంగి పైకి లేస్తుంది, ఫిష్‌ప్లేట్లు పట్టా తల అడుగునా, పాదం పైనా రాసుకుంటాయి. గుంటూరు చుట్టుపక్కలది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ నేల మీద కంకర కింద సరైన బ్లాంకెట్ (మట్టి పైకి రాకుండా ఆపే పొర) లేకుండా వేసిన సైడింగులో, వానలు పోయాక కూడా జాయింట్ల దగ్గర కంకరలోంచి బురద పైకి చిమ్ముతూ ఉంటుంది. కంకర రాళ్లకు బూడిద రంగు మడ్డి పట్టిన జాయింట్లేవో మీరు నడిచి చూసి రాసుకోండి. నట్లు వదులవుతున్న జాయింట్లు కూడా చాలావరకు అవే అవుతాయి. అటువంటి చోట ఏ దేశపు నట్టు పెట్టినా ప్లేటు అరుగుతూనే ఉంటుంది.

గట్టిగా బిగించడం మరో ప్రమాదం. స్పానరుకు పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడి బిగిస్తే పని బాగా చేశామని కాంట్రాక్టర్లు అనుకుంటారు. ఫిష్‌బోల్టు పానా పొడవుకు రైల్వే మాన్యువలులో హద్దు పెట్టింది ఈ పని జరగకుండా చూడటానికే. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. బెజవాడ, గుంటూరు ఎండల్లో తెల్లవారుజాముకీ, మధ్యాహ్నానికీ పట్టా వేడిలో ఎంత తేడా వస్తుందో ఆ పట్టా మీద చెయ్యి పెట్టిన వారికి నేను చెప్పనక్కర్లేదు. ఆ సాగుడు జాయింటు సందులోకి జారాలి. బోల్టులను బిర్రబిగించి, గ్రీజు లేక తుప్పు పట్టించి, జాయింటును పట్టేసేటట్టు చేస్తే పట్టాకు జారే దారి ఉండదు. మే నెలలో లైను పక్కకు వంకరపోతుంది. అందుకే ఏటా అక్టోబరుకూ ఫిబ్రవరికీ మధ్య, ఎండలు ముదరకముందే, జాయింట్లు విప్పి, తీగ బ్రష్‌తో తోమి, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లున్నాయేమో చూసి, గ్రాఫైట్ గ్రీజు పూసి తిరిగి బిగించాలి. మధ్యలోని రెండు బోల్టులు ముందు, చివరివి తరువాత.

వెల్డు చేసిన నట్టును ఏటా ఎలా విప్పుతారు? గ్యాసుతో కోయాల్సిందే. వెల్డింగ్ వేడికి బోల్టు ఉక్కు పెళుసెక్కుతుంది, అది వేరే బాధ. ఇక ఆ రంధ్రం దగ్గరి పగులును ఎవరూ చూడరు. యాజమాన్యానికి ఈ మాట ఒక్కటి రాసి ఇవ్వండి, వెల్డింగ్ ప్రస్తావన అక్కడితో ఆగిపోతుంది.

ఆటోనగర్ లేత్:

పి.డబ్ల్యు.ఐ. గారికి నమస్కారం. ప్యాకింగ్ (స్లీపర్ల కింద కంకర దట్టించడం) అక్కర్లేదని నేను అనలేదు. నట్టు వదులవడం వేరు, నట్టు ఊడి పడిపోవడం వేరు. వదులైన జాయింటు నెమ్మదిగా పాడవుతుంది, దాన్ని సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. నట్టు ఊడితే బోల్టు జారిపోతుంది. తరువాత మిగిలిన మూడింటి మీద భారం పడి అవీ పోతాయి. బురద చిమ్మే సైడింగులో ప్యాకింగు వచ్చే ఏడాదికి గాని పూర్తికాకపోతే, ఆలోపు ప్లేటు విడిపోకుండా ఆపేది ఏది? మీరు చెప్పిన జారుడుకూ నా నట్టు అడ్డం రాదు. ఎంత బిగువుతో పెడితే ఆ బిగువు దగ్గరే అది నిలుస్తుంది.

మెకానికల్ మాస్టారు:

గుంటూరులో మెకానికల్ ఇంజనీరింగ్ చెబుతుంటాను. ఇద్దరూ పెద్దలే, ఇద్దరి మాటలూ నిజమే. వాదం తెగకపోవడానికి కారణం, ‘వదులు’ అనే ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతులను పిలవడమని నాకు తోస్తోంది.

మొదటిది, నట్టు ఏమాత్రం తిరగకుండానే బోల్టు బిగువు పోవడం. బిగించిన బోల్టు నిజానికి సాగిన స్ప్రింగు. అందులో చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల ఒత్తిడి ఉందనుకుందాం. ఉక్కు స్థితిస్థాపక గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 2 లక్షల న్యూటన్లు కనుక, ఆ బోల్టు తన పొడవులో వెయ్యింట ఒక వంతు సాగి ఉంటుంది. నట్టుకూ తలకూ మధ్య 100 మిల్లీమీటర్లుంటే ఆ సాగుడు మొత్తం 0.1 మిల్లీమీటరు మాత్రమే. ఫిష్‌ప్లేటు పట్టా నడుముకు తగలదు. తల అడుగున, పాదం పైన ఉన్న ఏటవాలు ముఖాల మధ్య చీలలా ఇరుక్కుని ఉంటుంది. ఆ ముఖాలు కాస్త అరిగితే ప్లేటు లోపలికి జరిగే దూరం ఆ అరుగుదల కన్నా ఎక్కువే. అంటే కంటికి కనిపించని అరుగుదలతోనే బిగువంతా హరించుకుపోతుంది. నట్టు మాత్రం పెట్టిన చోటే ఉంటుంది. ఈ రోగానికి ప్రపంచంలోని ఏ లాక్ నట్టూ మందు కాదు. నట్టు తిరగకుండా ఆపడమే దాని పని, ఇక్కడ తిరుగుడే లేదు. నట్టు అడుగున మందపాటి స్ప్రింగ్ వాషరు ఉంటే అది కొంత పనికొస్తుంది. మామూలు యంత్రాలలో వాషరు చదునైపోతే ప్రయోజనం పోతుందన్న మాట నిజమే కానీ, రైలు జాయింటులో దాన్ని వాడేది నట్టును పట్టుకోవడానికి కాదు. అరిగిన మేరకు వెనకే సాగి బిగువును కొంత నిలపడానికి వాడతారు.

రెండోది, నట్టు నిజంగానే వెనక్కి తిరగడం. 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ చేసిన ప్రయోగాలు తేల్చిందేమిటంటే, బోల్టు పొడవునా వచ్చే అదురు కన్నా దానికి అడ్డంగా వచ్చే కదలికే నట్టును విప్పుతుంది. అయితే దాన్ని ఫిష్‌ప్లేటుకు ఉన్నదున్నట్టుగా అన్వయించకూడదు. పట్టా వేడికి సాగి ప్లేట్ల మధ్య జారినప్పుడు రెండు ప్లేట్లూ, బోల్టూ ఒకే కట్టలా నిలిచి ఉంటే బోల్టుకు అడ్డ కదలిక తగలదు. ఒక ప్లేటు ఎక్కువ అరిగి రెండో ప్లేటుతో సంబంధం లేకుండా ఊగినప్పుడు తల ఒక వైపుకూ, నట్టు మరో వైపుకూ లాగబడి విప్పుకోవడం మొదలవుతుంది. కనుక చాలా జాయింట్లలో ముందు మొదటి రోగం వచ్చి, దాని వెనక రెండోది వస్తుందని నా అభిప్రాయం.

మీ సైడింగులో ఏది జరుగుతోందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. జాయింటును సరిగా బిగించిన రోజున బోల్టు కొస మీదుగా, నట్టు మీదుగా, ప్లేటు మీదకు ఒక్క గీతగా పసుపు రంగు పూయండి. నట్టు చేతికి వదులుగా తగిలిన రోజున ఆ గీతను చూడండి. గీత చెదరకుండా ఉంటే అది అరుగుదల, పి.డబ్ల్యు.ఐ. గారి వైద్యం చేయించండి. గీత విరిగి నట్టు మీది ముక్క పక్కకు జరిగి ఉంటే అది తిరుగుడు, ఆటోనగర్ వారి నట్టు పనికొస్తుంది. గీత చూడకుండా సామాను కొంటే డబ్బు దండగ.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ.:

మాస్టారు గారి లెక్క నాకు నచ్చింది. అరిగిన ముఖాలకు మా దగ్గర ఒక చికిత్స ఉండేది, ఏటవాలు షిమ్ములు (సందు పూడ్చే పలుచని ఉక్కు ముక్కలు). అరుగుదల కొలిచి, ప్లేటుకూ పట్టాకూ మధ్య సరిపడే షిమ్ము పెట్టి బిగించేవాళ్లం. మరీ అరిగితే కొత్త ప్లేటే. పట్టా కొస దెబ్బతిని కుంగిపోయి ఉంటే షిమ్ములతోనూ లాభం లేదు, కొసలు కోసి రంధ్రాలు మళ్లీ వేయాల్సిందే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. మంచి నట్టు పెట్టాం కాబట్టి లైను వెంట నడిచి చూడనక్కర్లేదని ఏ యాజమాన్యమైనా అనుకుంటే, ఆ నట్టు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఆటోనగర్ లేత్ గారు చెప్పిన బ్రెతీన్యీలో లోహంలో పగుళ్లు కూడా ఉన్నాయి. నట్టు ఎంత గట్టిదైనా పగిలిన లోహాన్ని పట్టుకోలేదు, దాన్ని కన్నే పట్టుకోవాలి.

ఆటోనగర్ లేత్:

నడవడం మానమని నేనెప్పుడూ అనను. అయితే పాయింట్ల దగ్గర నా పట్టు వదలను. ఇంగ్లండులోని పాటర్స్ బార్ దగ్గర 2002 మే 10న ఏడుగురు చనిపోయింది పాయింట్ల స్ట్రెచర్ బార్ల (కదిలే రెండు పట్టాలను కలిపే కడ్డీల) నట్లు ఊడిపోయి. అవి ఫిష్‌ప్లేట్లు కావు, నిజమే. కానీ పాయింట్ల దగ్గర అదురు ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పలేం. అక్కడ రంగు గీత ఫలితం వచ్చేదాకా ఆగమనడం భావ్యం కాదు.

గుంటూరు సైడింగ్:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్టు లోడింగ్ ప్లాట్‌ఫారం వైపు జాయింట్లన్నింటికీ, పాయింట్ల దగ్గరా రంగు గీతలు వేయించాను. అవి వేశాక కొన్ని లోడు రేక్‌లు తిరిగాయి. ఇవాళ పొద్దున నడిచి చూశాను.

ప్లాట్‌ఫారం వైపు నట్లు మళ్లీ వదులుగా ఉన్నాయి కానీ, వాటి మీది గీతలు చాలావరకు గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఒక జాయింటులో ప్లేటును విప్పించి చూస్తే, పట్టా కొస తగిలే నడిమి భాగంలో పైముఖం అద్దంలా మెరుస్తోంది. వేలితో రాస్తే అక్కడ చిన్న మెట్టు తగులుతోంది. చివరి భాగాల్లో మాత్రం పాత తుప్పు అలాగే ఉంది. ఆ జాయింటు కింది కంకరకు మడ్డి కూడా పట్టి ఉంది. పాయింట్ల దగ్గర మాత్రం కొన్ని గీతలు విరిగాయి. ఒకచోట నట్టు దాదాపు పావు చుట్టు తిరిగింది.

యాజమాన్యానికి రాసిచ్చినది ఇది. వెల్డింగ్ వద్దు. ప్లాట్‌ఫారం వైపు మురికి కంకర తీయించి, నీరు పోయే దారి చేసి, జాయింటు స్లీపర్లు ప్యాకింగ్ చేయించాలి. అరుగుదల కొలిచి షిమ్ములో, కొత్త ప్లేట్లో వేయాలి. ఫిబ్రవరి లోపల అన్నీ విప్పి గ్రీజు పూయాలి. లాక్ నట్లు ప్రస్తుతానికి పాయింట్ల దగ్గర మాత్రమే తెప్పించాలి. పైపు తొడిగి బిగించడాన్ని నిషేధిస్తూ కాంట్రాక్టు షరతులలో ఒక వాక్యం చేర్చమని కూడా కోరాను.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ.:

పాయింట్లలో ఆ పావు చుట్టు తిరిగిన నట్టు ఎదుటి ప్లేటును కూడా విప్పించి చూడండి. ఒక ప్లేటు అరిగి, రెండోది కొత్తగా ఉందని తేలితే లాక్ నట్టు కన్నా ముందు ప్లేట్ల జత మార్చాలి. మళ్లీ బిగించేటప్పుడు పట్టా వేడి, జాయింటు సందు రెండూ కొలిచి పుస్తకంలో రాయించండి. ఏప్రిల్లో ఆ అంకెలు మీకు పనికొస్తాయి.