4 మి.మీ. ఎమ్మెస్ ఛానల్: 60 టన్నుల ప్రెస్ బ్రేక్‌కు ఏ వీ డై వాడాలి, బ్లాంకు పొడవు ఎంత తీసుకోవాలి?

ప్రశ్న: బాలానగర్_ఫ్యాబ్

నమస్కారం. హైదరాబాదు బాలానగర్‌లోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో పని చేస్తున్నాను. మాకు 4 మి.మీ. ఎమ్మెస్ (మెత్తని ఉక్కు) షీటుతో 2 మీటర్ల పొడవైన యూ ఛానల్ తయారు చేసే ఆర్డరు వచ్చింది. బయటి కొలతలు 60, 150, 60 మి.మీ.; రెండు బెండులూ 90 డిగ్రీలు. డ్రాయింగులో లోపలి రేడియస్ 2 మి.మీ. అని ఉంది. మా ప్రెస్ బ్రేక్ (షీటును పంచ్‌తో డై గాడిలోకి నొక్కి వంచే యంత్రం) సామర్థ్యం 60 టన్నులు. నాలుగు వైపులా వీ ఆకారపు గాడులున్న డై ఒక్కటే ఉంది. దాని వీ వెడల్పులు 16, 22, 35, 50 మి.మీ.

షీటు ఐఎస్ 2062 ఈ250 గ్రేడు కనుక టెన్సైల్ స్ట్రెంగ్త్ (లాగినప్పుడు తెగే ముందు తట్టుకునే ఒత్తిడి) 410 మెగాపాస్కల్ అని తీసుకుని, 1.42 × 410 × మందం వర్గం × పొడవు ÷ వీ వెడల్పు అనే సూత్రంతో 35 వీ మీద లెక్క వేస్తే సుమారు 532 కిలోన్యూటన్లు, అంటే 54 టన్నులు వచ్చింది. షీటుతో వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లో మాత్రం 470 అని ఉంది. 35 వీలో ధైర్యంగా చేయవచ్చునా?

రెండవ సందేహం బ్లాంకు (వంచక ముందు కోసుకునే చదును ముక్క) పొడవు గురించి. డిజైన్ సాఫ్ట్‌వేర్ 2 మి.మీ. రేడియస్, 0.44 కే ఫ్యాక్టర్ (వంపులో పొడవు మారని పొర లోపలి ముఖం నుంచి మందంలో ఎన్నో వంతు దగ్గర ఉందో చెప్పే అంకె) తీసుకుని 257.8 మి.మీ. ఇస్తున్నది. మా ఫోర్‌మన్ గారు లోపలి కొలతలు కూడితే చాలునంటారు. అంటే 56, 142, 56 కలిపి 254. దాదాపు 4 మి.మీ. తేడా ఉన్నందున ఏది నమ్మి లేజర్ కటింగుకు పంపాలో తెలియడం లేదు.

జవాబు: టూల్‌రూమ్_విశాఖ

ముందుగా బలం సంగతి చూద్దాం. మీరు తీసుకున్న 410 ఆ గ్రేడుకు ప్రమాణం నిర్దేశించిన కనీస విలువ మాత్రమే. చేతికి వచ్చిన షీటు అంతకన్నా గట్టిగా ఉండటం సర్వసాధారణం. యంత్రం వంచవలసింది ఆ షీటునే కనుక సర్టిఫికెట్‌లోని 470నే లెక్కలో వేయాలి. ఇక 1.42 అనేది స్థిరాంకం కాదు. దాని స్థానంలో 1 + (4 × మందం ÷ వీ వెడల్పు) వేస్తే, మందంతో పోల్చినప్పుడు వీ ఎంత ఇరుకుగా ఉందో కూడా లెక్కలోకి వస్తుంది. 35 వీకి ఇది 1.457 అవుతుంది.

అప్పుడు 1.457 × 470 × 16 × 2000 ÷ 35 చేస్తే సుమారు 626 కిలోన్యూటన్లు, అంటే 63.8 టన్నులు. మీ యంత్రం పూర్తి సామర్థ్యాన్ని దాటిపోయింది. ఇదే లెక్క 50 వీకి చేస్తే గుణకం 1.32కు దిగి, బలం 397 కిలోన్యూటన్లు, అంటే 40.5 టన్నులు అవుతుంది. వీ అంచుల మధ్య దూరం పెరిగిన కొద్దీ అదే వంపు తేవడానికి పంచ్ తక్కువ బలంతో నొక్కితే సరిపోతుంది.

మందాన్ని కూడా మైక్రోమీటరుతో కొలవండి. బలం మందం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక షీటు 4.2 మి.మీ. ఉన్నా 50 వీలో 45 టన్నులు దాటుతుంది. అది మీకు ఇబ్బంది కాదు. నేనైతే రోజువారీ ఉత్పత్తిలో సామర్థ్యంలో 80 శాతం మించనివ్వను. యంత్రం ఆగిపోతుందన్న భయంతో చెబుతున్న మాట కాదిది. రెండు మీటర్ల బెండులో పూర్తి బలం వాడితే ర్యామూ (పంచ్ ఉండే పై దూలం) బెడ్డూ (డై ఉండే కింది దూలం) నడుమ కొద్దిగా వంగి, చివర్లలో 90 డిగ్రీలు ఉన్న కోణం మధ్యలో 91 కావచ్చు. ఆ తర్వాత కాగితం ముక్కలు పెట్టి సరిచేసుకోవడమే పని అవుతుంది.

ఇదంతా ఎయిర్ బెండింగుకు, అంటే షీటు వీ అడుగును తాకకుండా వంగే పద్ధతికి చెప్పిన లెక్క. కోణం సరిగ్గా రావాలని ఆపరేటర్ డై అడుగు దాకా కొట్టడం మొదలుపెడితే మూడు నుంచి ఐదు రెట్ల బలం కావలసివస్తుంది. మీ యంత్రం మీద ఆ ప్రయత్నమే వద్దు.

జవాబు: షీట్‌మెటల్_డిజైన్

పై జవాబుతో ఏకీభవిస్తాను. అయితే టన్నేజీ కోసం 35 నుంచి 50కి మారిన క్షణంలోనే మీ బ్లాంకు పొడవు కూడా మారిపోయింది. మీ రెండవ ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది.

ఎయిర్ బెండింగులో లోపలి రేడియస్‌ను నిర్ణయించేది డ్రాయింగు కాదు, వీ వెడల్పు. పంచ్ ముక్కు అంతకన్నా పెద్దదైతే తప్ప, మెత్తని ఉక్కుకు ఆ రేడియస్ వీ వెడల్పులో సుమారు 16 శాతం ఉంటుంది. 35 వీలో 5.6 మి.మీ., 50 వీలో 8 మి.మీ. వస్తుంది. డ్రాయింగులోని 2 మి.మీ. ఈ రెండింటిలోనూ రాదు. చాలా డ్రాయింగులలో ఆ అంకె సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టినదే తప్ప, ఎవరో ఆలోచించి అడిగినది కాదని నా అనుమానం.

కే ఫ్యాక్టర్‌ను కూడా రేడియస్‌ను బట్టే తీసుకోవాలి. జర్మన్ ప్రమాణం డీఐఎన్ 6935 ప్రకారం, రేడియస్‌ను మందంతో భాగించి, ఆ నిష్పత్తి 5 దాటనంత వరకు, దాని సంవర్గమానంలో (10 ఆధారంగా) సగాన్ని 0.65కు కలపాలి, వచ్చినదానిలో సగమే మనం వాడే కే ఫ్యాక్టర్. 50 వీలో నిష్పత్తి 2 కనుక 0.65 + 0.15 = 0.80, కే ఫ్యాక్టర్ 0.40. వంపు భాగం పొడవు 1.5708 × (8 + 0.40 × 4), అంటే 15.08 మి.మీ. బయటి కొలతల మొత్తం నుంచి ఒక్కో బెండుకు తీసివేయవలసినది 2 × (8 + 4) − 15.08 = 8.92 మి.మీ. రెండు బెండులకు 17.84 పోగా 270లో మిగిలేది 252.2 మి.మీ.

35 వీకి ఇదే విధంగా చేస్తే కే ఫ్యాక్టర్ 0.36, ఒక్కో బెండుకు తీసివేత 8.13, బ్లాంకు 253.7 మి.మీ. వస్తాయి. కాబట్టి మీ ఫోర్‌మన్ గారి 254 ఊరికే చెప్పిన మాట కాదు. వీ వెడల్పు మందానికి ఎనిమిది, తొమ్మిది రెట్లు ఉన్నంతకాలం ఆ పద్ధతి చక్కగా పని చేస్తుంది. 50 వీ మందానికి పన్నెండున్నర రెట్లు కనుక ఇక్కడ దాదాపు 2 మి.మీ. ఎక్కువ చూపుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 257.8తో కోయిస్తే ఒక్కో ఫ్లాంజీ (ఛానల్ పక్క కాలు) 2.8 మి.మీ. పెరుగుతుంది.

ఫ్లాంజీ కనీస పొడవుకు ఇబ్బంది లేదు. 90 డిగ్రీలకు అది వీ వెడల్పులో 0.7 రెట్లు, అంటే 35 మి.మీ.; మీది 60. కానీ ఆర్డరిచ్చినవారిని ఒక్క విషయం తప్పక అడగండి: ఈ ఛానల్ లోపలి మూలలో మరేదైనా చదరపు మూల ఉన్న భాగం కూర్చుంటుందా? కూర్చుంటే 8 మి.మీ. రేడియస్ దానికి అడ్డుపడుతుంది. అప్పుడు 35 వీ, పెద్ద యంత్రం ఉన్నచోట జాబ్ వర్కు తప్ప మార్గం లేదు.

చివరికి ఏ లెక్కయినా అంచనాయే. అదే షీటు నుంచి 120 మి.మీ. పొడవున్న ముక్కను ఖచ్చితంగా కోసి, అదే 50 వీలో నడిమికి 90 డిగ్రీలు వంచి, రెండు కాళ్ల బయటి కొలతలను కూడండి. ఆ మొత్తం 120 కన్నా ఎంత ఎక్కువ వస్తే అదే మీ తీసివేత. రోలింగ్ దిశ అసలు జాబులో ఎలా ఉంటుందో ముక్కలోనూ అలాగే ఉండాలి.

తిరిగి: బాలానగర్_ఫ్యాబ్

ఇద్దరికీ ధన్యవాదాలు. లోపల ఏ భాగమూ కూర్చోదని, 8 మి.మీ. రేడియస్‌కు అభ్యంతరం లేదని ఆర్డరిచ్చినవారు మెయిల్‌లో రాసి పంపారు. ఒక చిన్న సందేహం మిగిలింది. ఫ్లాంజీలలో 9 మి.మీ. రంధ్రాలున్నాయి, వాటి మధ్యబిందువు వెబ్ (నడిమి 150 మి.మీ. భాగం) బయటి ముఖం నుంచి 30 మి.మీ. దూరంలో ఉంది. 50 వీలో అవి సాగుతాయా?

జవాబు: టూల్‌రూమ్_విశాఖ

లోపలి ముఖం నుంచి రంధ్రం అంచుకు 21.5 మి.మీ. ఉంది. మందానికి రెట్టింపు, దానికి రేడియస్ కలిపితే 16 మి.మీ.; అంతకన్నా దూరంగానే ఉంది కనుక ఆకారం పెద్దగా చెడదు. కానీ షీటు వంగుతూ లోపలికి జారేటప్పుడు డై భుజం దాని మీద బెండు గీత నుంచి 25వ మిల్లీమీటరు మొదలుకొని సుమారు 31 వరకు రాసుకుంటూ పోతుంది. మీ రంధ్రం 21 నుంచి 30 మధ్య ఉంది కాబట్టి అంచు దగ్గర బయటివైపు గీత పడవచ్చు. లేజర్ కటింగ్ బర్రును (కోసిన అంచున మిగిలే గరుకును) ముందే తీసివేయించి, బర్రు ఉన్న ముఖాన్ని పంచ్ వైపు ఉంచండి.

తిరిగి: బాలానగర్_ఫ్యాబ్

120 మి.మీ. ముక్కను వంచి చూశాం. కాళ్ల మొత్తం 128.8 వచ్చింది, తీసివేత 8.8, బ్లాంకు 252.4 మి.మీ. బ్యాక్ గేజ్‌ను (షీటు అంచును ఆనించే వెనుక ఆపును) 60 − 4.4, అంటే 55.6 దగ్గర పెడుతున్నాం. లేజర్ ఫైలును ఈ కొలతతో మార్చి పంపాం.