ఎలక్ట్రోస్పిన్నింగ్: పోగులు రేకు మీద కాక పంపు మీద పడుతున్నాయి, మధ్యమధ్య చుక్కలు. ద్రావణం మార్చాలా, సెటప్ మార్చాలా?

బరంపురం_పాలిమర్:
అందరికీ నమస్కారం. ఎలక్ట్రోస్పిన్నింగ్‌కి (హై వోల్టేజితో ద్రావణాన్ని సన్నటి పోగులుగా లాగడానికి) సొంతంగా కట్టుకున్న సెటప్ ఇది. నీళ్లలో 10 శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, 90 డిగ్రీల దగ్గర కరిగించి చల్లార్చినది), 22 గేజ్ మొద్దు సూది, 15 కిలోవోల్టులు, సూదికీ అల్యూమినియం రేకుకీ మధ్య 15 సెం.మీ., ప్రవాహం గంటకు 0.5 మి.లీ. పంపులో నీమా 17 స్టెప్పర్ (అడుగులడుగులుగా తిరిగే మోటారు), దాన్ని నడిపే ఎ4988 డ్రైవర్, ప్లంజర్‌ని తోసే టీ8 స్క్రూ, 5 మి.లీ. సిరంజి (లోపలి వ్యాసం 12 మి.మీ.). సూది మొన పంపు ఇనుప ఫ్రేముకు 3 సెం.మీ. ముందుంటుంది. అంతా యాక్రిలిక్ పెట్టెలోనే.

ఇబ్బందులు మూడు. సగం పోగులు ఫ్రేముకీ తలుపుకీ అంటుకుంటున్నాయి. దాదాపు అర నిమిషానికోసారి రేకు మీద చుక్క పడుతోంది. వాన పడ్డ రోజు పోగులన్నీ కలిసిపోయి పొరలా అతుక్కుంటున్నాయి. పీవీఏని 12 శాతానికి పెంచితే సర్దుకుంటుందా?

రాయగడ_వర్క్‌షాప్:
ద్రావణాన్ని ముట్టుకోకండి. అర నిమిషం అన్నారు చూడండి, దొంగ అక్కడే దొరికిపోయాడు.

టీ8 స్క్రూ ఒక చుట్టుకి 8 మి.మీ. కదులుతుంది. మోటారు చుట్టుకి 200 స్టెప్పులు. అంటే స్టెప్పుకి 0.04 మి.మీ. 12 మి.మీ. సిరంజి అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మి.మీ., కాబట్టి స్టెప్పుకి 4.5 మైక్రోలీటర్లు బయటికి వస్తాయి. గంటకు 500 మైక్రోలీటర్లు కావాలంటే గంటకు 110 స్టెప్పులే, 33 సెకన్లకోటి. మీ పంపు పోయడం లేదు, ఉమ్ముతోంది. ఉమ్మినప్పుడు టేలర్ శంకువు (సూది మొన మీద నిలిచే ద్రావణపు కోను) ఉబ్బి చుక్క ఊడుతుంది. తర్వాత అర నిమిషం ఆకలితో లోపలికి ముడుచుకుని, మొన మీద చర్మం కడుతుంది.

ఎ4988లో ఎంఎస్ పిన్నులు (స్టెప్పుని ఎన్ని మైక్రోస్టెప్‌లుగా ముక్కలు చేయాలో చెప్పేవి) మూడూ ఖాళీగా వదిలేస్తే అది ఫుల్ స్టెప్‌లోనే నడుస్తుంది. ముందు అది చూడండి. ఆ తర్వాత స్క్రూ తీసేసి ఎం5 మర రాడ్ వేయండి, పిచ్ (చుట్టుకి కదిలే దూరం) 0.8 మి.మీ. 16 మైక్రోస్టెప్‌లతో కలిపితే సెకనుకు సుమారు 5 అడుగులు, ఒక్కోటీ 0.03 మైక్రోలీటర్ల లోపే. హార్డ్‌వేర్ షాపు రాడ్ చాలు. ఒక్క వైపే నడుస్తుంది కాబట్టి నట్టు లూజు ఉన్నా లెక్కలోకి రాదు.

జయపురం_ల్యాబ్:
రాయగడ అన్న చెప్పింది నిజం. కానీ మైక్రోస్టెప్ ఒక్కదాన్నే నమ్ముకుని టీ8 ఉంచేయొద్దు. సిరంజి రబ్బరు గోడకి పట్టుకుని, బిగువు పెరిగాక ఒక్కసారిగా జారుతుంది. చిన్న అడుగులన్నీ ఆ జారుడులో కలిసిపోతాయి. స్క్రూ సన్నంగా ఉండడమే అసలు మందు. సిరంజిలో గాలిబుడగ లేకుండా చూడండి, అది స్ప్రింగులా పనిచేస్తుంది: పంపు ఆపినా చుక్కలు ఆగవు.

ఇక పోగుల దారి. అవి రేకు కోసం వెతకవు, దగ్గర్లో ఎర్త్ అయిన లోహం ఏదైతే దాని వైపే పోతాయి. మీకు రేకు 15 సెం.మీ. దూరం, ఫ్రేము 3 సెం.మీ. దూరం. ఇంకేం కావాలి? సూదిని పంపు నుంచి విడదీసి యాక్రిలిక్ స్టాండు మీద పెట్టండి. మధ్యలో 40 సెం.మీ. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గొట్టం, లోపలి వ్యాసం 0.8 మి.మీ. అందులో 0.2 మి.లీ. పడుతుంది, మీ ప్రవాహానికి అది నిండడానికే 24 నిమిషాలు. అందుకని హై వోల్టేజి వేయకముందే చేత్తో నొక్కి నింపుకోండి. పీవీఏ ద్రావణం కరెంటు మోస్తుంది కనుక గొట్టం వెంట వోల్టేజి సిరంజి దాకా వస్తుంది. ప్లంజర్‌ని తోసే దిమ్మ నైలాన్‌దై ఉండాలి, లేదంటే స్టెప్పర్ డ్రైవర్ కాలిపోతుంది.

యాక్రిలిక్ గోడలు సూది-రేకు గీతకి కనీసం 20 సెం.మీ. ఎడంగా ఉంచండి. తేమ పట్టిన యాక్రిలిక్ పైపొర కూడా ఎర్త్ లాగే ప్రవర్తిస్తుంది. రేకు అంచులు వెనక్కి మడవండి, చిరుగు మొనలుంటే అక్కడ కరోనా (గాలిలోకి కరెంటు కారడం) పుడుతుంది. రేకు వైరు గోడ సాకెట్ ఎర్త్‌కి కాదు, నేరుగా హై వోల్టేజి సప్లై రిటర్న్ టెర్మినల్‌కి పోవాలి.

బరంపురం_పాలిమర్:
ధన్యవాదాలు అన్నా. సూది చుట్టూ లోహపు బిళ్ల పెడితే పోగులు ఒకచోట పడతాయంటారు, పెట్టొచ్చా?

జయపురం_ల్యాబ్:
పెట్టొచ్చు. 5-6 సెం.మీ. అల్యూమినియం బిళ్ల, అంచు గుండ్రంగా నునుపు చేసి, సూది మొన దానికన్నా 1 సెం.మీ. ముందుకి, రెండూ ఒకే వోల్టేజి మీద. రేకు మీద పోగులు పడే మచ్చ చిన్నదవుతుంది. కానీ మొన దగ్గర విద్యుత్ క్షేత్రం తగ్గిపోతుంది, 2 నుంచి 4 కిలోవోల్టులు పెంచితేనే జెట్ (మొన నుంచి సాగే ద్రావణపు సన్నటి ధార) మొదలవుతుంది. ముందు పంపు దూరం చేయండి. చాలాసార్లు బిళ్ల అవసరమే రాదు.

చంద్రపూర్_ఫైబర్:
తేమ సంగతి. నీళ్ల పీవీఏకి 35 నుంచి 50 శాతం హాయి. 65 దాటితే పోగు రేకు చేరేలోపు ఆరదు, అతుక్కుంటుంది. మా వైపు మే నెలలో గొడవ తిరగబడుతుంది, సూది మొనే ఎండి మూసుకుపోతుంది. తడి స్పాంజి పెట్టి నడపాలి.

మీ పెట్టె 60×50×50 సెం.మీ. అనుకుందాం, 150 లీటర్లు. 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమంటే అందులో దాదాపు 4 గ్రాముల నీటి ఆవిరి. 45 శాతానికి దించాలంటే తీయాల్సింది 2 గ్రాముల లోపే. అయితే మీ ద్రావణమే గంటకు 0.45 గ్రాముల నీరు వదులుతుంది, తలుపు సందుల్లోంచి గోపాలపూర్ సముద్రపు గాలి ఆగకుండా దూరుతుంది. అర కిలో సిలికా జెల్ పళ్లెంలో పోసి, చిన్న ఫ్యానుతో గాలి తిప్పి, స్పిన్ మొదలుపెట్టేముందు ఫ్యాను ఆపేయండి. గాలి తగిలితే జెట్ పక్కకి ఊగుతుంది. రంగు మారిన జెల్‌ని ఓవెన్లో 110-120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

రాయగడ_వర్క్‌షాప్:
రేకుకీ రిటర్న్‌కీ మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి దాని మీద మల్టీమీటర్ పెట్టండి, 1 మైక్రోయాంపికి సుమారు 1 వోల్టు చూపిస్తుంది. మంచి జెట్‌కి ఒక మైక్రోయాంపికి అటూఇటూ నిలకడగా ఉంటుంది. ఎగిరెగిరి పడుతూ అనేక మైక్రోయాంపులు చూపిస్తే అది జెట్ కాదు, ఎక్కడో కరోనా. లైట్లార్పి చూస్తే ఊదా మెరుపు కనబడుతుంది.

సూదికి వెళ్లే హై వోల్టేజి వైరులో 50 మెగాఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో వేయండి. మామూలుగా నడిచేటప్పుడు 50 వోల్టులే తింటుంది, ఎవరి చేయైనా తగిలితే కరెంటు 0.3 మిల్లీయాంపులకి మించదు. హై వోల్టేజి రేటింగు ఉన్నదే కొనండి, పావు వాట్ చిన్న రెసిస్టర్ ఒక్కటి వేస్తే పైనుంచి నిప్పురవ్వ దూకేస్తుంది. తలుపు తెరవగానే సప్లై ఆగిపోయే స్విచ్ పెట్టాక కూడా, ఎర్త్ కట్టిన రాడ్డుని సూదికి తాకించి, ఆ తర్వాతే చేయి లోపల పెట్టాలి.